చేటెడు నూకల బిడ్డ

నాన్న పోయిన మూడో ఏడు అమ్మ కూడా పోయింది. అమ్మ దినాలు కాగానే మా పెద్దనాన్న కొడుకులిద్దరూ ఉప్పల్‌లో మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, "పెంచుకున్నంత మాత్రాన బిడ్డయితదా చెల్లె? జాగ మా తాతది, మాకే రావాలె," అన్నారు. చెల్లె అని పిలుస్తూనే అన్నారు, అదీ వాళ్ల మర్యాద. అప్పటికి మెట్రో వస్తుందని మా గల్లీలో గజం ధరకు రెక్కలొచ్చాయి. అంతకుముందు మా రేకుల ఇల్లు వాళ్ల కంటికి ఆననే లేదు.

నన్ను కన్నది చిన్నమ్మ, అంటే అమ్మకు సొంత చెల్లెలు. చెంగిచెర్లలో ఉంటుంది. అమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి పోయాక, తన నలుగురిలో చిన్నదాన్ని, నెలల పిల్లనైన నన్ను ఇచ్చేసింది. అక్కాచెల్లెళ్ల మధ్య కాయితమెందుకని ఎవరూ ఏమీ రాయించలేదు. బడిలో తండ్రి పేరు నాన్నదే ఉంది గానీ, పెంచుకున్నవాళ్లు కూడా అలా రాయిస్తారుగా అన్నాడు అన్నలు పెట్టుకున్న వకీలు. దత్తత అయితే కన్నకూతురితో సమానంగా ఆస్తి వస్తుంది. ఊరికే పెంచితే చిల్లిగవ్వ రాదు. కన్నవాళ్లు చేతులారా ఇచ్చారని, పెంచినవాళ్లు తీసుకున్నారని రుజువు కావాలి. ఆ రోజు అక్కడున్నవాళ్లలో మిగిలింది చిన్నమ్మ ఒక్కతే.

ఆమెను నమ్ముకుని కోర్టుకెక్కడం నాకు సుతరామూ ఇష్టం లేదు. నలుగురిలో నన్నే ఎందుకు ఇచ్చిందన్న కోపం ముప్పై ఏళ్లుగా నాలో ఉంది. పైగా నోట్లో నాలుక లేని మనిషి. బస్సు ఆపమని అడగడానికి జంకి, రెండు స్టాపులు అవతల దిగి నడిచొచ్చే రకం. అయినా వేరే దారి లేక కేసు వేశాను.

తెలంగాణ బంద్‌లతో వాయిదాలు పడీ పడీ చివరికి ఆమె వంతు వచ్చింది. నాచారంలో నేను పనిచేసే బట్టల కంపెనీకి సెలవు పెట్టి తీసుకెళ్లాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా అన్నాడు మా వకీలు. ఆమె నిజంగానే ఉన్నదంతా చెప్పేసింది.

"అక్కకు పిల్లలు దక్కుతలేరని, నేను నా పెనిమిటి గలిసి బిడ్డను అక్కాబావల ఒళ్లె పెట్టినం. అక్క నాకు చేటెడు నూకలు వోసింది."

మా వకీలు తల పట్టుకున్నాడు. పిల్లలు దక్కని ఇంట్లో, బిడ్డను నూకలకు కొన్నట్టు చేస్తే దిష్టి తగలదని మావాళ్ల నమ్మకం. కోర్టుకు అదేం తెలుసు? దత్తతకు ప్రతిఫలం పుచ్చుకోవడం చట్టం ఒప్పుకోదు. అన్నల వకీలు ఆదరాబాదరాగా లేచాడు.

"అంటే బిడ్డను అమ్ముకున్నవన్నట్టు!"

చిన్నమ్మ కొంగు సర్దుకుంది.

"అమ్ముకునేదాన్నైతే నూకలకు అమ్ముతనా సారూ? గవి ఇంటికి గూడ తేలే, ఆడనే కోళ్లకేసిన. సావు గా పిల్ల దిక్కు సూడొద్దని జేసినం గట్ల."

"అయితే ఈమె నీ కూతురు కాదా?"

ఆమె నా వైపు చూడలేదు.

"కాదు. ఇచ్చినంక నాకెట్ల బిడ్డయితది? వాళ్లింటికి పోయినప్పుడు పాలకు ఏడ్సినా ఎత్తుకోలే. నేను ఎత్తుకుంటే మా అక్క పానం ఏమైతది? నా ఇంట్ల ఆమెకేం లేదు. ఆమెది ఉప్పలే."

అంతసేపూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న అన్నలు తలలు దించుకున్నారు. నా ముప్పై ఏళ్ల కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. నన్నేదో వద్దనుకుని ఇచ్చేసిందనుకున్నాను. పక్కనే ఏడుస్తున్న పిల్లను ఎత్తుకోకుండా ఉండడానికి ఎంత గుండె కావాలో, ఇద్దరిని కన్నదాన్ని, నాకు తెలియదా? అంత గొప్ప మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

కొన్ని నెలలకు తీర్పు నా వైపే వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని చెంగిచెర్లకు పరుగెత్తాను. గడపలోనే ఆమెను గట్టిగా పట్టుకుని, బుద్ధెరిగాక మొదటిసారి "అమ్మా" అన్నాను.

ఆమె గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, గల్లీ అటూ ఇటూ చూసింది.

"వాళ్లు అప్పీలుకు పోతమంటున్నరంట. గప్పటిదాంక చిన్నమ్మనే అను."