రాసినాయన చూసిండా?

పదవీ విరమణకు పద్నాలుగు నెలలు ఉందనగా నన్ను చిక్కడపల్లిలోని ఒక గ్రంథాలయానికి, రిఫరెన్సు విభాగానికి బదిలీ చేశారు. హోదా గ్రేడ్-1 లైబ్రేరియన్. ఇంటికి ఇవ్వని పుస్తకాలు, పాత పత్రికల బైండ్లు నా అధీనంలో ఉండేవి. అశోక్‌నగర్ కోచింగు సెంటర్ల అభ్యర్థులు పొద్దున్నే కుర్చీల మీద రుమాళ్లు పరిచేవారు గానీ నా బీరువాల జోలికి ఒక్కరూ వచ్చేవారు కాదు. అందుకే పద్మ వచ్చి పాత పుస్తకాలు కావాలని అడిగిన రోజున నాకు పండగలా అనిపించింది.

పద్మ కోఠిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. పాలమూరు నుంచి వలస వచ్చిన కుటుంబం, తండ్రి తాపీమేస్త్రీ. అశోక్‌నగర్ వెనక తమ బస్తీలో ఉన్న పాత బావి మీద ప్రాజెక్టు పేపరు రాస్తోంది. దాన్ని కూలీలే తవ్వుకున్నారని ఆమె నాయనమ్మ మాట. లెక్చరరేమో అచ్చులో ఆధారం చూపించు, లేదా ఆ అధ్యాయం తీసెయ్యి అన్నారట. సోమవారంలోగా ఇవ్వాలి. ఆ రోజు బుధవారం.

నేను హుషారుగా మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాను. మూడింటిలోనూ ఒకటే మాట: ఆ బావి ఒక ధాన్యం వర్తకుడి దానం. పద్మ ఫోనులో చూపించిన వెబ్‌సైటులోనూ అదే. నాకూ ఎప్పట్నుంచో తెలిసిన సంగతే అనిపించింది. నాలుగు చోట్ల ఉందమ్మా, మీ నాయనమ్మగారు పొరబడి ఉంటారు అని తేల్చేశాను.

పద్మ మొహం చిన్నబోయింది. "మా నాయనమ్మ ఒక్కటే అడగమన్నది సార్. రాసినాయన చూసిండా?"

ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. కాస్త కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు! సరే, అదీ చూద్దామని ఫుట్‌నోట్లు పట్టుకుని వెనక్కి వెళ్లాం. సంగతి ఎక్కడ దొరికిందో రచయిత పేజీ అడుగున రాస్తాడు. ఆ పుస్తకం తీసి, దాని అడుగునా చూడాలి. వెబ్‌సైటు మూడో పుస్తకాన్ని చూపించింది, మూడోది రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని. మొదటిది ఒక పాఠకుల సంఘం ఎప్పుడో వేసిన రజతోత్సవ సంచికను చూపించింది. దుమ్ము దులిపి పద్మే ఆ వ్యాసం తీసింది. కింద ఉన్న పేరు చదివి, నా చొక్కా మీది బ్యాడ్జీలో పేరు చూసి, మళ్లీ పేజీ చూసింది.

"సార్, గిది మీరేనా?"

నేనే! ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ వర్తకుడి మనవడు టీ తాగుతూ చెబితే, ఆధారం అడక్కుండా రాసేశాను. రాసిన సంగతే మరిచిపోయాను. పద్మ నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. రెండు నిమిషాలకి నాకూ నవ్వొచ్చింది.

సాయంత్రం నారాయణగూడ మార్కెట్లో ఆకుకూరలమ్మే నాయనమ్మ దగ్గరికి వెళ్లి నేరం ఒప్పుకున్నాను. చూడలేదమ్మా, ఎవరో చెబితే రాశాను అన్నాను.

"నన్నడిగితే అయిపోతుండె గద సారూ! అప్పటిసంది గీడనే కూసుంటున్న" అందామె, కొత్తిమీర కట్టలు సర్దుతూ.

నోటి సాక్ష్యం రాసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పేరు, వయసు, చెప్పిన తేదీ రాయాలి. కళ్లారా చూసింది, విన్నది వేరువేరుగా ఉంచాలి. ఈమె చూడటమేమిటి, పెద్దకొడుకు కడుపులో ఉండగా ఎండాకాలంలో మట్టి తట్టలు మోసిందట! మరి అది ఏ ఏడు? కొడుకు బడి సర్టిఫికెట్టులో పుట్టినతేదీ ఉంది గానీ, ఆ రోజుల్లో హెడ్మాస్టర్లు సగం మంది పిల్లల్ని జూన్‌లోనే పుట్టించేవారు. అందుకని ఏడాది అటూ ఇటూ కలిపి మూడు వేసవుల దినపత్రికల బైండ్లు దించాం. శనివారం మధ్యాహ్నం ఒక సినిమా ప్రకటన పక్కన ఐదు పంక్తుల వార్త కనబడింది: పాలమూరు కూలీలు పని దిగాక తమ బస్తీకి తామే బావి తవ్వుకుంటున్నారని.

"దొరికింది సార్!" అని పద్మ కేకేసింది. పరీక్షల అభ్యర్థులందరూ తలెత్తి చూశారు. 'నిశ్శబ్దం' బోర్డు కింద కూర్చున్న నేను చప్పట్లు కొట్టాను.

పేపరు సోమవారం అందింది, అధ్యాయం నిలిచింది. సంచికలో నా వ్యాసం పక్కన సవరణ చీటీ నేనే అంటించాను. నాలుగు చోట్ల ఒకే మాట ఉన్నంత మాత్రాన సాక్షులు నలుగురు కారని ఆ వారం నేర్చుకున్నాను. పద్మ పేపరులో మొదటి ఫుట్‌నోటు నాయనమ్మది, రెండోది పత్రికది. మూడోది నాది: "సంచికలోని వ్యాస రచయితను స్వయంగా అడగ్గా, తాను చూడలేదని ఒప్పుకున్నారు."