సూది బోణీ

ఆసుపత్రి సిబ్బందికి టీకాలు వేసే నర్సును అందరూ సుడిగాలి అనేవారు. ఆమె టీ కూడా నిలబడే తాగేది. ఎదుటివారి మాట సగంలో ఉండగానే మిగతా సగం తనే పూర్తిచేసి, దానికి జవాబు కూడా చెప్పేసేది. ఏదైనా చెప్పుకోవాలంటే భర్త మొదట ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాలి; అది కుదరక చాలా సంగతులు అతని కడుపులోనే ఉండిపోయేవి. పసిపిల్లలకు టీకా వేయడం తేలికని ఆమె అభిప్రాయం. వాళ్ళు ఏడుస్తారు, అంతటితో అయిపోతుంది. పెద్దవాళ్ళు ఏడవరు, వాదిస్తారు.

డ్రైవర్లూ, వంటగదివాళ్ళూ, కాపలాదారులూ గొణుక్కుంటూనే ఆమె ముందు భుజం చాపారు. లొంగనిది కింది అంతస్తులోని లాండ్రీ ఒక్కటే. అక్కడ మురికి దుప్పట్లు వేరుచేసే బల్లకు పెద్ద స్వయానా ఆమె ఆడపడుచు. తల్లి పోయిన తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి. పనివాళ్ళకు ఆవిడ పెద్దక్క, నర్సుకు వదిన.

వార్డుల నుంచి దిగే దుప్పట్లను యంత్రంలో వేసే ముందు ఆ బల్ల మీద విప్పి, రక్తపు మరకలున్నవాటిని విడిగా తీయాలి. ఎవరో మరచిపోయిన సూదులు అప్పుడప్పుడు ఆ మడతల్లో చిక్కుకుని వచ్చేవి. మందపాటి తొడుగులు ఇచ్చినా, వేసుకుంటే చేతికి ఏమీ తెలియదని వాటిని అటక మీద పడేశారు. కొత్తగా చేరిన మనిషికి మొదటిసారి సూది గుచ్చుకుంటే బల్ల చుట్టూ చప్పట్లు మోగేవి. ‘బోణీ అయింది’ అనేవారు, అందరికీ టీ తెప్పించేవారు. నాలుగు సార్లు గుచ్చుకుంటే చెయ్యి కాకలు తీరుతుందనీ, ఆపైన ఏ రోగమూ అంటదనీ వారి నమ్మకం.

మరునాడు ఆ బల్ల దగ్గర వదిన కూతురు చేరబోతోంది. టీకా పడకుండా ఆ పిల్ల దుప్పటి ముట్టకూడదు. ఈ ఆలోచన నర్సును ఒకచోట నిలవనీయలేదు. పొద్దున్నే టీకాలున్న ఐసుపెట్టె భుజాన వేసుకుని, రెండేసి మెట్లు దిగి లాండ్రీలోకి దూసుకువెళ్ళింది.

“వచ్చిందమ్మా సుడిగాలి! దుప్పట్లు ఎగిరిపోతాయి, గట్టిగా పట్టుకోండే” అంది వదిన.

నవ్వులు ఆగకముందే నర్సు మొదలుపెట్టింది. “హెపటైటిస్ బి అని ఒక జబ్బుంది. రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వస్తుంది. కాలేయాన్ని పట్టుకుంటుంది. పట్టుకున్నా ఏళ్ళ తరబడి బయటికి తెలియకపోవచ్చు.”

“మా ఆయన్ని చెప్పినట్టే ఉంది. కట్టుకున్న ఎన్నేళ్ళకో గానీ తెలిసింది కాదు” అంది ఇస్త్రీ యంత్రం నడిపే ఆవిడ. బల్ల బల్లంతా గొల్లుమంది.

“నాకెన్నిసార్లు గుచ్చుకుందో లెక్కే లేదు మరదలా. ఒళ్ళు వెచ్చబడితే ఒట్టు” అంది వదిన. “నీ దగ్గరున్నదీ సూదే, మా దగ్గరికొచ్చేదీ సూదే. మాది పిలవకపోయినా వస్తుంది.”

ఐసు కరిగిపోతోందన్న తొందరో, ఆ నవ్వుల సెగో, నర్సు నోరు జారింది. “తెలిసీ తెలియక నువ్వు చెప్పే మాటలకి వీళ్ళంతా బలైపోతారు వదినా! రేపు నీ కూతురూ అంతే!”

నవ్వులు ఆగిపోయాయి. వదిన చేతిలోని దుప్పటిని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

“ఇంట్లో నన్ను ఎంతైనా అను, పడతాను. నా బల్ల దగ్గర, నా మనుషుల ముందు నన్ను తెలివితక్కువదాన్ని చెయ్యకు. పైకి వెళ్ళు.”

మెట్ల మలుపులో వదిన కూతురు ఎదురుపడి ఆమె చెయ్యి పట్టుకుంది. “అత్తా, అమ్మ సంగతి నీకు తెలుసా? ఈ మధ్య రోజూ అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి చూసుకుంటోంది. కళ్ళు పచ్చగా ఉన్నాయా అని నన్నడుగుతుంది. ఎందుకమ్మా అంటే కసురుతుంది.”

నర్సు కాళ్ళు ఆ మెట్టు మీదే ఆగిపోయాయి. తాను ఇన్నాళ్ళూ వాదించింది మూఢనమ్మకంతో అనుకుంది. కాని ఆ నమ్మకాన్ని వదిన ఎప్పుడో వదిలేసింది. ఆమె దాస్తున్నది భయాన్ని. ఆ భయాన్ని చెప్పుకునే సందు తాను ఒక్కసారీ ఇవ్వలేదు.

భోజనాల వేళ బల్ల ఖాళీ అయ్యాక నర్సు మళ్ళీ దిగింది. ఆరబెట్టే యంత్రం పక్కన, ఉతికిన దుప్పట్ల మూట మీద వదిన ఒంటరిగా కూర్చుని ఉంది. నర్సు వెళ్ళి పక్కన కూర్చుంది.

“నువ్వు కూర్చున్నావంటే ఎవరో పోయారన్నమాటే” అంది వదిన, అటు తిరక్కుండానే.

“పొద్దున అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే. కళ్ళు చూసుకుంటున్నావట?”

వదిన పలకలేదు. ఆ ఖాళీని మాటలతో నింపేయాలని నర్సు నాలుక కొట్టుకులాడింది. పళ్ళ బిగువున ఆపుకుంది. యంత్రం గిరగిరా తిరిగి, తిరిగి, ఆగింది.

“టీకాకి ముందు రక్తం తీస్తారటగా” అంది వదిన చివరికి. “తీస్తే ఏదో ఒకటి తేలుతుంది. తేలితే నన్ను ఈ బల్ల దగ్గర ఉంచుతారా? పెద్దక్కకే ఉందంటే ఈ ఆడవాళ్ళు నా గ్లాసుతో నీళ్ళు తాగుతారా? వీళ్ళందరి బోణీలకీ చప్పట్లు కొట్టించింది నేనే గదే.”

“రక్తం తీయకుండా కూడా టీకా వేయొచ్చు. కానీ నువ్వు మాత్రం చూపించుకో. ఉంటే మందులున్నాయి, డాక్టరు కనిపెట్టుకుని ఉంటాడు. గ్లాసుతో అంటుకునే జబ్బు కాదది.”

“మరి పని?”

నర్సు లేచి నిలబడింది. “తెలీదు. కనుక్కుని వస్తాను.”

ఆమె నోట ‘తెలీదు’ అన్న మాట వదిన వినడం అదే మొదలు.

నర్సు పైకి వెళ్ళేసరికి లాండ్రీ సూపర్‌వైజరు భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నాడు. ఆమె సంగతి చెప్పగానే, పరీక్షల ఫలితాలు తన బల్ల మీదికి రావలసిందేననీ, తన కింది మనుషుల సంగతి తనకు తెలియాలనీ అన్నాడు.

“రాకూడదండీ. ఆ రక్తం వాళ్ళది, ఆ సంగతి వాళ్ళది. నన్ను నమ్మకపోతే పెద్ద డాక్టరుగారిని అడగండి.”

అతను ఫోను చేశాడు. వింటున్నకొద్దీ అతని ముఖం చిన్నబోయింది. తువ్వాలు విసిరేసి ఆమె వెంట మెట్లు దిగాడు. అప్పటికి పనివాళ్ళంతా బల్ల దగ్గరికి తిరిగి వచ్చారు.

“ఫలితం డాక్టరుకీ, పరీక్ష చేయించుకున్నవాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. దాని పేరు చెప్పి ఎవరినీ పనిలోంచి తీయం” అని గబగబా అప్పచెప్పాడు.

“యంత్రం మోతలో సరిగా వినబడలేదండీ, ఇంకోసారి” అంది ఇస్త్రీ ఆవిడ. యంత్రాలన్నీ ఆగే ఉన్నాయి. అతను మళ్ళీ చెప్పాడు.

వదిన తన కూతుర్ని ముందుకు తోసింది. నర్సు ఆ పిల్ల భుజానికి సూది వేసింది.

“అయిపోయిందా? ఇక రేపు బల్ల దగ్గరికి రావచ్చా?” అని అడిగింది వదిన.

అయిపోయిందని ఒక్క మాటంటే అందరూ వరసకట్టేలా ఉన్నారు. నర్సు అనలేదు. “లేదు వదినా. ఇలాంటివి మూడు పడాలి. అన్నీ పడేసరికి కొన్ని నెలలు పడుతుంది.”

“అయితే మూడూ పడేదాకా నువ్వు ఉతికిన దుప్పట్లు మడతపెట్టే చోట ఉండు” అంది వదిన కూతురితో.

“ఇక్కడ మనిషి తక్కువ!” అన్నాడు సూపర్‌వైజరు.

“తక్కువైతే తమరు రండి. నా పక్కన చోటుంది.”

అతను మెట్లెక్కాడు. తర్వాత ఒక్కొక్కరే జాకెట్టు చేతులు పైకి మడిచారు. ఇస్త్రీ ఆవిడ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టబోతే వదిన చూపుతోనే ఆపింది. “ఇకమీదట ఈ బల్ల దగ్గర గుచ్చుకున్నవాళ్ళకి చప్పట్లు లేవు, టీ లేదు. నాకు చెప్పండి. నేనే పైకి తీసుకెళ్తాను.”

అందరికీ అయ్యాక వదిన చెయ్యి చాపింది. “నాకు ముందు రక్తం తియ్యి.”

చిన్న గాజుగొట్టం నర్సు గుప్పిట్లో వెచ్చగా ఉంది. ఫలితం ఎల్లుండి వస్తుందని చెప్పింది. అప్పుడే ఆమె పాదాలు మెట్ల వైపు తిరిగాయి.

“మరి ఉందనుకో?” అంది వదిన, వెనకనుంచి.

నర్సు వెనుదిరిగి వచ్చింది. “ఉందనుకో, డాక్టరు గది దాకా నీతో వస్తాను. ఎంతసేపైనా కూర్చుంటాను.”

“నువ్వా, కూర్చోవడమా!” వదిన నవ్వబోయింది గాని ఆ నవ్వు పూర్తికాలేదు. అటక మీది తొడుగులు తీసి, దుమ్ము దులిపి, వేళ్ళు ఒక్కొక్కటే దూర్చుకుంది. “వీటితో చేతికి ఏమీ తెలియడం లేదే” అని విసుక్కుంటూనే తరువాతి దుప్పటిని కొస పట్టుకుని తన వైపు లాక్కుంది.