మాకు ఇంగ్లీషు అర్థమైన రోజు

విజయనగరం కాలేజీలో నేను పి.యు.సి. చదివిన ఏడాది జరిగిందిది. బళ్ళో పదకొండో తరగతి దాకా తెలుగులో చదివిన మాకు అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. లెక్చరర్లు ఏమడిగినా "ఎస్ సార్" అని అందరం ఒక్కసారే అరిచి, గంట ఎప్పుడు కొడతారా అని చూసేవాళ్ళం. నా పక్కన కూర్చునే ఎర్రయ్యది చేపలవేట కుటుంబం. పరీక్ష తప్పితే పడవెక్కాల్సిందేనని వాళ్ళయ్య ముందే చెప్పేశాడు.

దసరా సెలవులయ్యాక వచ్చిన కొత్త ఫిజిక్సు మాస్టారు పాఠం ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. పడవ నీళ్ళమీద ఎందుకు తేలుతుందో చెప్పిన రోజున ఎర్రయ్య మురిసిపోయాడు.

"ఒరే బావా, మా అయ్యకి తెలిసిందానికి ఇంత పుస్తకం రాసేసినార్రా!"

ఆ నెల పరీక్షలో మొదటిసారి పాసయ్యాడు కూడా.

మాస్టారు తెలుగులో చెబుతున్న సంగతి తెలిసి ప్రిన్సిపాల్‌గారు ఓ రోజు క్లాసుకి వచ్చి, ఇంగ్లీషులో ఏదో అడిగారు. ఆయన ఆగీ ఆగకముందే నేను అలవాటు కొద్దీ "ఎస్ సార్" అన్నాను. వెనకే క్లాసంతా అరిచింది. ఆయన సంతోషంగా వెళ్ళిపోయారు.

"ఇంగ్లీషులో మాత్రమే చెబితే సరిపోతుందా అని అడిగార్రా" అన్నారు మాస్టారు నీరసంగా.

మర్నాటి నుంచి తెలుగు బందు.

"ఏటి సేసినావురా?" అన్నాడు ఎర్రయ్య. మళ్ళీ తనే, "నానూ అరిసినాన్లే" అన్నాడు.

మార్చిలో వాడు తప్పాడు, పడవెక్కాడు. నేను గట్టెక్కాను. ఏమీ అర్థం కాకుండా బట్టీపట్టి పాసవడం నాకు చేతనవును. వాడికి అర్థమైతేనే వచ్చేది.