గౌస్ విప్పిన షాఫ్టు

గౌస్‌కు పొగరని ఆళ్లగడ్డలో చాలామంది అనేవాళ్లు. ఉంది మరి. లేనివాడికి పొగరుండకూడదని ఎక్కడ రాసిపెట్టి ఉంది?

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అతను చెన్నకేశవులు జీపు తోలేవాడు. చెన్నకేశవులుకు ఆళ్లగడ్డ చుట్టుపక్కల నల్లరేగడి భూములు మెండు. మిలిటరీ వేలంలో జీపు కొన్నాడు గానీ తోలడం రాదు. ఆ జీపులో గేరు కడ్డీ పక్కన ఇంకో చిన్న కడ్డీ ఉండేది. దాన్ని ఒక పక్కకు వేస్తే వెనక చక్రాలే లాగుతాయి, ఇంకో పక్కకు వేస్తే నాలుగూ లాగుతాయి. బురదలో నాలుగూ కావాలి, గట్టి రోడ్డు మీద రెండు చాలు. ఇది గౌస్ మాట. యజమాని మాట వేరు.

"నాలుగు చక్రాల బండని కొంటి. రెండు చక్రాల మీద పోయేదానికి ఇంట్లో ఎద్దులబండి ల్యాదా నాకు? ఆ కడ్డీ ముట్టుకున్నావంటే చూడు!"

గౌస్ ముట్టుకోలేదు. కడ్డీ ఎప్పుడూ నాలుగు చక్రాల వైపే ఉండేది. దాంతో నంద్యాల రోడ్డెక్కితే చాలు, జీపు మూలిగేది. మలుపు తిరిగితే కింద ఎవరో సమ్మెటతో కొట్టినట్టు మోత. సీట్లు అదిరేవి, స్టీరింగు చేతులు లాగేసేది. వెనక కూర్చునే చెన్నకేశవులు తల్లి భారతమ్మకు అసలే నడుం నొప్పి. గౌస్ చక్రాల్లో ఎండిన రేగడి మట్టి గీకాడు, టైర్లు మార్చి చూశాడు, బోల్టులన్నీ బిగించాడు. మోత తగ్గలేదు. ఇక మిగిలింది యజమాని ముట్టుకోవద్దన్న ఆ కడ్డీయే.

ఒక సాయంత్రం హోటలు ముందు అందరూ టీ తాగుతుండగా చెన్నకేశవులు తేల్చేశాడు.

"బండిలో ఏం ల్యాదు. వీని చేయే మంచిది కాదు. ఒరే గౌసూ, రేపు అమ్మను నంద్యాల డాక్టరుకు చూపిచ్చుకొచ్చినాక తాళమిచ్చి పో."

డ్రైవరుకు చేతిని మించిన ఆస్తి ఏముంది? ఆ మాట నంద్యాల లారీ షెడ్లకు చేరితే అతనికి ఇంకెవరూ బండి ఇవ్వరు. భార్య మదార్‌బీ ఇంట్లో ఏడ్చింది, కాళ్లు పట్టుకోమంది.

"చెయ్యని తప్పుకు కాళ్లు పట్టుకుంటే ఈ చేతులు మళ్లా స్టీరింగు పట్టవు," అన్నాడు గౌస్.

తెల్లారగానే జీపు కిందికి దూరి, ముందు చక్రాలకు ఇంజను బలం అందించే షాఫ్టును విప్పేశాడు. పొడవాటి ఇనుప గొట్టం అది. గోనెపట్టాలో చుట్టి వెనక సీటు కింద పెట్టాడు. చిన్న కడ్డీని మాత్రం యజమాని చెప్పిన చోటే ఉంచాడు.

శిరివెళ్ల దాటేసరికి భారతమ్మ కునుకు తీసింది. మోత లేదు, అదురు లేదు. చెన్నకేశవులు కడ్డీ వైపు చూశాడు, గౌస్ వైపు చూశాడు, మీసం దువ్వాడు. గౌస్ పళ్లు బిగబట్టి తోలాడు. తిట్టిన చోటే జవాబు చెప్పాలని అతని పంతం. పంతం సరే, అంతసేపు నోరు మూసుకోవడం నావల్లయితే కాదు.

తిరిగొచ్చి హోటలు ముందు ఆపగానే చెన్నకేశవులు దిగి అందరికీ వినబడేలా అన్నాడు.

"చూస్తిరా? పని తీసేస్తానంటే చేయి దారికొచ్చింది! నాలుగు చక్రాల మీద ఎంత నిమ్మళంగా వచ్చిందో!"

గౌస్ గోనెపట్టా విప్పి, షాఫ్టును టీ గ్లాసుల మధ్య బెంచీ మీద దభీమని పడేశాడు.

"ముందు చక్రాలను లాగేది ఇది, అప్పా. పొద్దున్నుంచీ అవ్వ కాళ్లకింద పండుకోనుండాది. నువ్వు పోయొచ్చింది రెండు చక్రాల మీదనే. మోత నా చేతిలో ల్యాదు, నీ పట్టుదలలో ఉండాది. నా చేయి చెడ్డదని ఈడ్నే అంటివి. కాదని ఈడ్నే చెప్పు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. చెన్నకేశవులు ముఖం కందగడ్డయింది. "బిగించు దాన్ని," అని గద్దించాడు. గౌస్ కదల్లేదు. జీపులోంచి భారతమ్మ కేక వేసింది.

"ఒరే కేశవా, వానలొచ్చినాక బిగిచ్చుకుందువులే. ఈ పొద్దే నా నడుము నొయ్యలా. వాని చేయి మంచిదేనని చెప్పి రా, ఆకలైతాంది!"

తల్లి మాట కాదనలేక అతను నేల చూస్తూ "మంచిదేలే," అని గొణిగాడు.

"అందరికీ ఇనపల్యా," అన్నాడు గౌస్. రెండోసారి గట్టిగా అనిపించాడు.

తర్వాత భారతమ్మను ఇంటి దగ్గర దింపి, తాళం ఆమె చేతిలోనే పెట్టాడు. "రేపు పొద్దున్నే రా," అన్నాడు చెన్నకేశవులు, ఏమీ జరగనట్టు. "రాను," అన్నాడు గౌస్.

సంగతి విని మదార్‌బీ నెత్తి కొట్టుకుంది. "రమ్మన్నాడంటివి గదా! మళ్లా ఎందుకు మానుకొస్తివి?"

"నిన్న ఆయప్ప తీసేసినాడు. ఈ పొద్దు నేనే మానుకుంటి," అంటూ గౌస్ చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. "రేపు నంద్యాలకు పోయి లారీ అడుగుతా."