ముత్తాత కుర్చీ మీద కవిత

మా ముత్తాత బోధన్ చుట్టూ పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా తాత చెరకు తోటలను గుర్రం మీదే చూసుకున్నాడు. మా బాపు మంజీర ఒడ్డు భూములు అమ్ముతున్నప్పుడు కూడా నడుం వంచలేదు. నేను కవిని. పుస్తకాలు వేయను. నా కవిత గొంతులో పుట్టి గాలిలో అయిపోతుంది. విమర్శ మాత్రం రాస్తాను.

నిజామాబాద్ కవి ఒకాయన చదువుతూ చదువుతూ ఆగి, అర్థం విడమర్చి చెప్పాడు. మధ్యలో ఆగి అర్థం చెప్పేవాడు కవి కాడని రాశాను. పట్టణంలో సగం మంది కవులు నాతో మాట మానేశారు. ఎంత హాయిగా గడిచిందో ఆ ఏడాది!

ఇంట్లో మిగిలినవి రెండు గదులు, మా అక్క, నేను, ముత్తాత కూర్చుని కచేరీ నడిపిన టేకు కుర్చీ. దాని చేతులకు సింహాల తలలు, ముందు కాళ్లు పెట్టుకునే పీట.

"గా కుర్చీ అమ్మితే ఇంటి మీది రేకులన్న మార్చుకుందుము. వానొస్తే నా గిన్నెలన్నీ నీ కుర్చీ సుట్టే ఉంటున్నయ్," అనేది అక్క.

నేను పోయాకే ఆ కుర్చీ వాకిలి దాటుతుందని చెప్పాను.

ఆ రోజుల్లోనే నిజామాబాద్ పసుపు మార్కెట్‌కు పోయి, పసుపు వేలం వేసే హర్రాజు పాటలు విన్నాను. ఆ ఊపిరి, ఆ తొందర! పసుపు మాటలు తీసేసి మా కుర్చీ మాటలు పెట్టాను. సంత రోజు కుర్చీని వాకిట్లో వేసి, అందులో కూర్చుని కవిత ఎత్తుకున్నాను. మైకు లేదు. మా వంశంలో ఎవరికీ మైకు అవసరం పడలేదు.

"చెద ముట్టని టేకు! వాన తడపని టేకు! సింహం మీద చెయ్యేసిన టేకు! ఒకటోసారి!"

సంచులతో పోయేవాళ్లు ఆగారు.

"ఏందే, హర్రాజా?"

"హర్రాజే. దొర కుర్చీ వెట్టిండు!"

"కాయ్ భావ్?" అని ధర అడిగింది సరిహద్దు అవతలి నుంచి మిరపకాయలు తెచ్చిన ఒక మరాఠీ ఆమె.

ఎవరో ఒక రేటు అరిచారు. ఇంకొకరు దాన్ని దాటారు. నా ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లూ నా శ్రోతలు జాలితో చప్పట్లు కొట్టారు. ఇప్పుడు నా లయలోనే బదులు పలుకుతున్నారు! నేను పాదం పెంచితే వాళ్లు రేటు పెంచారు. అక్క పరుగెత్తుకొచ్చింది. ఆపుతుందనుకున్నాను.

"గింత తక్కువకా? మా ముత్తాత కూసున్న కుర్చీ గది! సక్కగ అడుగుండ్రి!" అని అరిచింది. నాకు వంతపాట కూడా దొరికింది.

గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద సాగు చేసుకుంటున్న రైతు ముందుకొచ్చి అందరినీ దాటి అడిగాడు. "నేను తీసుకుంటానండీ. గట్టిదేనాండీ?"

గట్టిదేనని సింహం తల మీద తాళం వేశాను. "రెండోసారి!"

అప్పుడు కనిపించాడు, గుంపు వెనక చేతులు కట్టుకుని, ఆ నిజామాబాద్ కవి. నేను ఎప్పుడు ఆగుతానా, ఇది హర్రాజు కాదు, కవిత అని ఎప్పుడు చెబుతానా అని చూస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది.

ఆగితే కుర్చీ నాది. ఆగకపోతే కవిత నాది.

లేచి నిలబడ్డాను. "మూడోసారి!"

ఈలలు, కేకలు. మిరపకాయల ఆమె సంచి ఎత్తి ఊపింది. నాకు తల తిరిగింది. అంత సంతోషం నేనెన్నడూ ఎరగను.

ఆ కవి దగ్గరికొచ్చాడు. "ఆగలేదన్నా నువ్వు," అన్నాడు. అంతకు మించిన విమర్శ నాకు ఎవరూ రాయలేదు.

"కవిత బాగుందండీ," అన్నాడు రైతు. "ట్రాక్టర్ తెమ్మంటారాండీ?"

అక్క నా చెవి దగ్గర మెల్లగా అంది: "మూడోసారి అన్నవ్. మాటిచ్చినవ్ తమ్మీ."

ఇచ్చాను. మా ఇంట్లో ఇచ్చిన మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కుర్చీని ట్రాక్టర్ ఎక్కించేటప్పుడు ఒక పక్క నేనే పట్టాను, నడుం వంచకుండా.

ఇప్పుడు మా ఇంటి మీద కొత్త రేకులున్నాయి. కుర్చీ ఆ రైతు వరండాలో ఉంది. ముత్తాత కాళ్లు పెట్టుకున్న పీట కూడా అదే ధరలో పోయింది.