ఉప్పు చూసే పిల్లలు

బడి వంటగదిలో పదహారేళ్లుగా గరిటె తిప్పుతున్న ఆవిడను అందరూ పెద్దమ్మ అనే పిలిచేవారు. ఎవరు ఎంత ఆకలితో ఉన్నారో కంచం పట్టుకున్న తీరునుబట్టే చెప్పగలదు. సోమవారాలు గిన్నెలు తుడిచిపెట్టినట్టు ఖాళీ అయ్యేవి. ఆదివారం బడి లేకపోతే కొందరికి భోజనమూ లేదని ఆవిడకు ఇట్టే అర్థమైంది.

ఒక సోమవారం పొద్దున ప్రార్థన వరసలో నిలబడ్డ నాలుగో తరగతి పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. పెద్దమ్మ ఆ పిల్లకు పాలు తాగించి, తడి చేతులతోనే హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

"సోమవారాలు పొద్దున్నే జావ కాస్తాను సార్. మొదటి గంట కొట్టకముందే."

"రూలు ప్రకారం మధ్యాహ్నం ఒక్కపూటే కదమ్మా."

"రూలు మీరు చూసుకోండి, పొయ్యి నేను చూసుకుంటా. ఖాళీ కడుపుకి పాఠం ఎక్కడ ఎక్కుతుంది చెప్పండి?"

ఆయన కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "సరే, సరుకుల సంగతి నేను చూస్తా. పైవాళ్లకీ రాస్తా" అన్నాడు.

మరుసటి సోమవారం, వంటలో సాయం చేసే కోడలితో కలిసి ఆరింటికే పొయ్యి వెలిగించింది. గుండిగ నిండా జావ. వచ్చింది ముగ్గురే. మిగతావాళ్లు గోడవార నిలబడ్డారు కానీ చూపులన్నీ ఇటే. నాలుగో తరగతి పిల్లయితే ఎవరూ అడగకముందే, "నేను ఇంట్లో తినే వచ్చా" అంది.

కోడలు నీరుగారిపోయింది. "ఇంత కాస్తే ఎవరూ రారేంటత్తయ్యా?"

"నలుగురిలో ఆకలని చెప్పుకోవడం పెద్దాళ్లకే కష్టం. వీళ్లు పసివాళ్లు."

పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. "జలుబు చేసి నా నోరు చచ్చిపోయిందర్రా. ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పండి. ఒక్కరు చెప్తే నమ్మను, అందరూ చెప్పాలి. సార్, మీరూ రండి."

హెడ్మాస్టరే ముందుగా గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక లెక్కల టీచరమ్మ, ఆవిడ వెనక బడంతా. నాలుగో తరగతి పిల్ల గిన్నెడు తాగి, బాగా ఆలోచించి, "ఇంకొంచెం తాగితే గానీ తెలీదు పెద్దమ్మా" అంది.

"నిజమే, తొందరపడి చెప్పకూడదు" అంటూ పెద్దమ్మ అంచుదాకా పోసింది.

నెల తిరిగేసరికి ఉప్పు మాట ఎవరూ ఎత్తడం లేదు. గిన్నెలు తీసుకుని వచ్చి కూర్చుంటున్నారు. సోమవారాలు కునికిపాట్లు పడేవాళ్లు ఇప్పుడు తెగ అల్లరి చేస్తున్నారని లెక్కల టీచరమ్మ నవ్వుతూనే ఫిర్యాదు చేసింది.

"చెయ్యనివ్వండి టీచరమ్మా. ఇన్నాళ్లకి ఓపికొచ్చింది వాళ్లకి."

కొత్త తరగతులు మొదలయ్యేసరికి, జావ రోజూ కాయమని పైనుంచి కాగితం వచ్చింది. హెడ్మాస్టరు రాసిన ఉత్తరాలు పనిచేశాయి. పెద్దమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, కోడలిని ఇంకో గుండిగ తోమమంది.