పాత కెర్నల్ తీసెయ్యని మా చిన్న చెల్లె

మా చిన్న చెల్లె పోయి ఇవాళ పదమూడో రోజు. పంజాగుట్టలో మా ఇంట్లోనే, నిద్రలో గుండె ఆగింది. అమీర్‌పేటలో లినక్స్ చెప్పే మేడంగా ఆమె చాలామందికి తెలుసు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళ కోసం ఒక ఉదయం గురించి రాస్తున్నాను.

అది ఆమె పోవడానికి మూడు రోజుల ముందు, ఆదివారం. ఐదున్నరకు లేచి చూస్తే ముందు గదిలో లైటు వెలుగుతోంది. చెల్లె జుట్టు ముడి వేసుకుని, ఒళ్ళో నోటుపుస్తకంతో కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ ఒక్క కంప్యూటర్‌లో ఎనిమిది మంది పిల్లలకు ఎనిమిది వర్చువల్ మెషీన్లు, అంటే దాని లోపలే విడివిడి కంప్యూటర్లలా నడిచేవి, పెట్టింది. ఆదివారం బ్యాచ్ వాళ్ళు అమీర్‌పేట హాస్టళ్ళ నుంచి నడిచి వచ్చి వాటిమీదే నేర్చుకునేవాళ్ళు.

ఒక్కదాంట్లో ఎనిమిది ఎలా నడుస్తాయని ఒకసారి అడిగాను.

“నువ్వు ఇంట్ల చేసే పనే, అక్కా. ఉన్నది ఒక్క పొయ్యి, ఒక్క నల్లా. ఎవలకు ఎప్పుడియ్యాల్నో నువ్వు చూస్తవు. తమ్ముడేమో ఇల్లంత తనదే అనుకుంటడు. కంప్యూటర్‌ను నడిపే అసలు ప్రోగ్రాం, కెర్నల్, చేసేది గదే.”

“మధ్యల నన్నెందుకు లాగుతవే?” అన్నాడు మా తమ్ముడు పేపరు చాటు నుంచి.

ఆ ఆదివారం ఉదయం ఆమె కొత్త కెర్నల్ తయారు చేస్తోంది. అందులో ఏమేం ఉండాలో జాబితాలో ఒక్కొక్కదానికీ గుర్తు పెట్టాలట. ఏ మార్పైనా ముందు నోటుపుస్తకంలో రాసేది, తర్వాతే చేసేది. “చేసినంక రాస్తే, చేసింది రాయం అక్కా. చేసినమనుకున్నది రాస్తం” అనేది. తయారీకి పెట్టి స్నానానికి వెళ్ళింది. నేను పూజ ముగించేసరికి అదీ పూర్తయింది. చెల్లె హారతి కళ్ళకద్దుకుని, టీ గ్లాసుతో వెళ్ళి కూర్చుంది.

పిల్లలు వచ్చారు. కంప్యూటర్ కొత్త కెర్నల్‌తో బాగానే లేచింది. వర్చువల్ మెషీన్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. చెల్లె జాబితా వెతికి, నుదురు కొట్టుకుని నవ్వింది. ఆ మెషీన్లకు ప్రాసెసర్ సాయం అందించే భాగానికే గుర్తు పెట్టలేదు.

“మేడం, మీరే మర్చిపోతే మా గతేంది?” అన్నాడు ఒకడు.

“అందుకే పాతది తీసెయ్యలే. రాస్కో, మేడం మర్చిపోయింది అని. తారీఖు సుత ఎయ్యి.”

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. తెర మీద వచ్చిన వరుసలో పాత కెర్నల్‌ను ఎంచుకుంది. ఎనిమిదీ లేచాయి.

మా నాయన మగ్గం నేసేవాడు. మగ్గం మీది నిలువు పోగులు, పడుగు, అయిపోవచ్చినా పాత పోగులు పూర్తిగా తీసేవాడు కాదు. వాటి కొసలకే కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతికేవాడు. పక్కన కూర్చుని పోగులందించింది చెల్లే. ఆ సంగతి ఆ ఉదయమే నాకు గుర్తొచ్చింది. ఆమెతో అనలేదు. అని ఉండాల్సింది.

ఆమె పోయాక కంప్యూటర్‌ను ఎవరూ ముట్టలేదు. నడుస్తూనే ఉంది. నిన్న కర్మ అయ్యాక తమ్ముడు, “అక్కా, ఆ ఫ్యాను సప్పుడు ఇనలేకపోతున్న. ఆపేద్దాం. గది ఖాళీ చేద్దాం” అన్నాడు. గుమ్మంలో కూర్చున్న బ్యాచ్ అమ్మాయి, కోస్తా నుంచి వచ్చిన పిల్ల, లేచి నిలబడింది.

“ఆపేస్తారేంటి అంకుల్? మా ఎనిమిది మంది ప్రాజెక్టులూ అందులోనే ఉన్నాయండి. వచ్చే నెలలో ఇంటర్వ్యూలు.”

“మరి నడిపెటోళ్ళెవరమ్మా?”

ఆ అమ్మాయి లోపలికెళ్ళి నోటుపుస్తకం తెచ్చింది. చివరి పేజీలో చెల్లె రాత: ‘కొత్త కెర్నల్ మళ్ళీ చేయాలి. మరిచిన గుర్తు పెట్టాలి. పాతది తీయొద్దు.’

“మేడం అంతా రాసిపెట్టారండి. ఇది చూసి నేను చేయగలను.”

తమ్ముడు ఆ పేజీ చదివాడు. “టీ తాగినవా బిడ్డా?” అని అడిగాడు.

సాయంత్రం దీపం పెట్టాక ఇంట్లో అందరం కూర్చుని అనుకున్నది ఇది. బ్యాచ్ పూర్తయ్యేదాకా కంప్యూటర్ ఆపం. ఆదివారాలు ముందు గది పిల్లలదే. కొత్త కెర్నల్ ఆ అమ్మాయి చేస్తుంది. పాతది అలాగే ఉంటుంది. నోటుపుస్తకాన్ని చెల్లె ఫొటో ముందు పెడదామని తమ్ముడు అన్నాడు. నేను వద్దన్నాను. అది కీబోర్డు పక్కనే, రాయాల్సిన పేజీలో పెన్నుతో ఉండాలని నిర్ణయించాం.